వంటింటి గ్యాసు పొయ్యి: శుభ్రపరచుట, కాపాడుకొనుట

తొలకరికి ముందే మన రైతు తన పనిముట్లన్నిటిని ఒకసారి బయటకు తీసి చూచుకొనును. స్ప్రేయరు నాజిలు విప్పి కడుగును. మోటారు పంపు ఫుట్‌వాల్వులో నాచు పట్టినదేమో పరీక్షించును. ట్రాక్టరుకు నూనె మార్పించును. నాజిలులో ఇసుక రేణువు చిక్కిన యెడల మందు ఒక చాలుపై ఎక్కువగాను, మరొక చాలుపై తక్కువగాను పడుననియు, మందు ఖర్చు పెరిగి తెగులు మాత్రము తగ్గదనియు అతనికి అనుభవముపై తెలిసిన సంగతి.

అయితే ఇంటిలో దినమునకు మూడు పూటలు పనిచేయు పనిముట్టు మరియొకటి ఉన్నది. అదియు సన్నని రంధ్రము గల నాజిలుతోనే పనిచేయును. అదే గ్యాసు పొయ్యి. దానిని తుడుచుట ఇల్లాలి పని అనియు, చెడిపోయిన నాడు మెకానిక్కు వచ్చి చూచుననియు తలచి మనము దానివైపు చూడము. ఇది పొరపాటు. పొయ్యి శుభ్రముగా లేకున్న గ్యాసు వృథాయగును, గిన్నెలు మసిబారును. అంతకు మించి, ఇంటిల్లిపాది ప్రాణములకు ముప్పు కలుగవచ్చును. కావున పొయ్యి పనిచేయు విధానమును, దానిని శుభ్రపరచు పద్ధతిని ఇంటిలోని స్త్రీ పురుషులందరును తెలిసికొనవలెను.

మన దేశములో వంటగ్యాసు సిలిండర్లు 1955లో బొంబాయి నగరములో మొదట వాడుకలోనికి వచ్చినవి. చాల కాలము అవి పట్టణములకే పరిమితమై ఉండెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ప్రారంభమైన దీపం పథకము, దేశమంతటను 2016లో ప్రారంభమైన ఉజ్జ్వల పథకము వలన అవి పల్లెలలోని పేద ఇండ్లకు కూడ చేరినవి. కట్టెల పొయ్యి పొగ నుండి మన ఆడవారికి ఎంతో ఊరట లభించినది. అయితే కట్టెల పొయ్యికి అలవాటుపడిన ఇంటిలో గ్యాసు పొయ్యిని కాపాడుకొను పద్ధతులు ఎవరును విడమరచి చెప్పలేదు. ఆ కొరత తీర్చుటకే ఈ వ్యాసము.

పొయ్యి పనిచేయు విధము

సిలిండరులో గ్యాసు ఒత్తిడికి లోనై ద్రవరూపములో ఉండును. ఇది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒక లీటరు ద్రవము బయటకు వచ్చినచో సుమారు 250 లీటర్ల వాయువుగా వ్యాపించును. రెగ్యులేటరు దాని ఒత్తిడిని బాగుగా తగ్గించి రబ్బరు గొట్టము ద్వారా పొయ్యికి పంపును.

పొయ్యిలో మీట త్రిప్పగానే గ్యాసు ఒక చిన్న ఇత్తడి జెట్టు గుండా వేగముగా దూసికొని వచ్చును. ఆ వేగమునకు ప్రక్కనున్న గాలి రంధ్రము నుండి గాలి కూడ లోనికి లాగబడును. ఈ రెండును మిశ్రమ గొట్టములో కలిసి, బర్నరు రంధ్రముల గుండా పైకి వచ్చి మండును.

ఒక పాలు గ్యాసు పూర్తిగా మండుటకు సుమారు 24 నుండి 31 పాళ్ల గాలి కావలెను. ఇందులో కొంత మిశ్రమ గొట్టములోనే కలియును, మిగిలినది మంట చుట్టునుండి అందును. గాలి రంధ్రములో దుమ్ము పేరుకొన్నను, మిశ్రమ గొట్టములో సాలెపురుగు గూడు పెట్టినను, బర్నరు రంధ్రములలో గంజి ఎండి గడ్డకట్టినను ఈ పాళ్లు తప్పును. పాళ్లు తప్పినచో గ్యాసు సగము కాలి సగము మసియగును. పొయ్యికి వచ్చు జబ్బులలో ఎక్కువ భాగము ఈ ఒక్క కారణము వలననే వచ్చును.

మంటను చూచి జబ్బు గుర్తించుట

ఆకు రంగును బట్టి పైరుకు ఏ పోషకము తక్కువైనదో రైతు గుర్తించును. అట్లే మంట రంగును బట్టి పొయ్యి స్థితిని గుర్తింపవచ్చును.

నీలిమంట: మంట నీలముగా, పొట్టిగా, నిలకడగా ఉండి, ప్రతి రంధ్రము వద్ద లోపల ఒక చిన్న నీలి మొగ్గ కనిపించినచో పొయ్యి ఆరోగ్యముగా ఉన్నదని అర్థము.

పసుపు మంట: మంట పొడవుగా, పసుపుపచ్చగా ఊగుచు, గిన్నె అడుగున మసి పట్టించుచున్న యెడల గాలి చాలుట లేదని గ్రహింపవలెను. గాలి రంధ్రము, మిశ్రమ గొట్టము, బర్నరు శుభ్రపరచవలెను. ఇట్టి మంట నుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కూడ వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. కిటికీలు మూసిన వంటగదిలో ఇది చాల ప్రమాదకరము.

అయితే ఒక విషయము. ఉప్పు కలిసిన పులుసు పొంగి మంటపై పడినపుడు కొంతసేపు పసుపు రంగు మెరయును. అది ఉప్పులోని సోడియము గుణము, పొయ్యి జబ్బు కాదు. కొద్ది నిమిషములలో తగ్గిపోవును.

ఎగిరిపడు మంట: మంట బర్నరును అంటక పైకి లేచి బుసబుసమని శబ్దము చేయుచున్నచో గాలి మోతాదుకు మించినదని గాని, గ్యాసు ఒత్తిడి ఎక్కువైనదని గాని భావింపవలెను. రెగ్యులేటరును మెకానిక్కు చేత చూపింపవలెను.

లోపల మండు మంట: టప్పుమని శబ్దముతో మంట బర్నరు క్రిందకు పోయి జెట్టు వద్ద మండుచున్నచో వెంటనే మీట కట్టివేయవలెను. బర్నరు మూత సరిగా కూర్చుండకపోవుట, మూత అరిగిపోవుట దీనికి ముఖ్య కారణములు. చల్లారిన తరువాతనే సరిచూచి తిరిగి వెలిగింపవలెను.

ఒక ప్రక్కనే మండుట: బర్నరులో కొన్ని రంధ్రములు పూడిపోయినవని అర్థము.

ప్రతి దినము చేయదగినది

మన వంటలో పొయ్యికి ప్రధాన శత్రువులు రెండు: అన్నము గంజి, పాల పొంగు. ఇవి పడిన వెంటనే తుడిచిన సులభముగా పోవును. ఎండిన తరువాత రాయి వలె గట్టిపడును. అందుచేత రాత్రి వంట ముగిసి పొయ్యి చల్లారిన పిదప, రెగ్యులేటరు కట్టివేసి, సబ్బునీటిలో పిండిన గుడ్డతో పైభాగమును తుడిచి, పొడిగుడ్డతో తడి లేకుండ అద్దవలెను. పొయ్యిపై చెంబుతో నీళ్లు కుమ్మరింపరాదు. ఆ నీరు మీటలలోనికి, జెట్టులోనికి దిగి తుప్పు, చిలుము పట్టించును. గాజు పలక గల పొయ్యి అయినచో వేడిగా ఉన్నపుడు చన్నీళ్లు తగులనీయరాదు; గాజు పగులును.

నాట్లకు, కోతలకు కూలీలు వచ్చిన దినములలో పొయ్యి తెల్లవారుజాము నుండి మండుచుండును. ఆ రోజులలో పెద్ద గిన్నెలు పెట్టుట వలన పొంగులు కూడ ఎక్కువ. అప్పుడు ఈ పని ఒక్క దినము కూడ మానరాదు.

వారమునకొకసారి శుభ్రపరచు పద్ధతి

ఈ పనికి అరగంట చాలును. కావలసినవి: పాత పళ్లబ్రష్షు, వేడినీరు, సబ్బు లేక కుంకుడురసము, చీపురుపుల్లలు, పొడిగుడ్డ.

1. ముందుగా పొయ్యి మీటలు, ఆపై రెగ్యులేటరు కట్టివేయవలెను. పొయ్యి పూర్తిగా చల్లారువరకు ఆగవలెను.

2. గిన్నె నిలుచు కమ్ములను, పొంగు పట్టు పళ్లెములను, బర్నరులను తీసి వేరుగా ఉంచవలెను. ఏ బర్నరు ఏ వైపుదో గుర్తు పెట్టుకొనవలెను. పెద్దది చిన్నదాని చోట కూర్చుండదు.

3. వీటిని వేడి సబ్బునీటిలో పావుగంటసేపు నానవేయవలెను. ఇత్తడి బర్నరుకు నానవేసిన చింతపండు పట్టించి తోమిన చిలుము వదలును. తరువాత పులుపు మిగులకుండ మంచినీటితో బాగుగా కడుగవలెను. అల్యూమినియము మిశ్రమముతో చేసిన బర్నరుకు చాకలిసోడా వాడరాదు. సోడా ఆ లోహమును తినివేయును. దానికి సబ్బునీరే చాలును.

4. బర్నరు రంధ్రములను చీపురుపుల్లతో లోపలినుండి బయటకు పొడిచి శుభ్రపరచవలెను. మేకు, డ్రిల్లు వంటివి వాడి రంధ్రములను పెద్దవి చేయరాదు.

5. మిశ్రమ గొట్టములోనికి పుల్లకు చుట్టిన పొడిగుడ్డను పోనిచ్చి దుమ్ము, సాలెగూడు తీసివేయవలెను. తడిగుడ్డ పనికిరాదు. గాలి రంధ్రము వద్ద పేరుకొన్న నూనె జిడ్డును కూడ తుడువవలెను.

6. కడిగిన బర్నరులను బోర్లించి ఎండలో ఆరనీయవలెను. తడి బర్నరు వెలిగించినచో మంట చిటపటలాడును, సరిగా అంటుకొనదు.

7. అన్నిటిని తిరిగి అమర్చి, బర్నరు మూత కదలక కూర్చుండినదని చూచుకొని వెలిగింపవలెను. మంట నీలముగా వచ్చిన పని ముగిసినట్లే.

జెట్టు జోలికి పోరాదు

ఇక్కడ నా తప్పునే ఒకటి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రిందట మా ఇంటి పొయ్యిలో ఒక బర్నరు మంట చిన్నదయ్యెను. వ్యవసాయ శాస్త్రము బోధించువాడను, స్ప్రేయరు నాజిళ్లు ఎన్నో విప్పినవాడను. ఇదెంత పని అనుకొని జెట్టు విప్పి ఉక్కు సూదితో పొడిచితిని. మంట ఒక్కసారిగా పెద్దదయ్యెను. నా నేర్పునకు నేనే సంతోషించితిని. వారము తిరుగకుండనే గిన్నెల అడుగులు నల్లబడినవి. మునుపు రెండు నెలలు వచ్చు సిలిండరు ఆ మారు నలుబది దినములకే అయిపోయెను. మెకానిక్కు వచ్చి చూచి, జెట్టు రంధ్రము సాగినదని చెప్పి క్రొత్తది వేసెను. స్ప్రేయరు నాజిలును తీగతో పొడువరాదని తరగతిలో చెప్పెడి నేనే ఇంటిలో ఆ తప్పు చేసితిని.

దీనిలోని లెక్క సులభమైనది. రంధ్రము వైశాల్యము దాని అడ్డుకొలత వర్గమును బట్టి పెరుగును. అడ్డుకొలత పదింట ఒక వంతు పెరిగినచో వైశాల్యము నూటికి 21 వంతులు పెరుగును. అనగా కంటికి ఆనని సాగుడు వలన గ్యాసు ఐదింట ఒక వంతు అధికముగా ప్రవహించును. కాని లోనికి వచ్చు గాలి అదే పాళ్లలో పెరుగదు. ఫలితము పసుపు మంట, మసి, ఖర్చు. ఇత్తడి మెత్తని లోహము. ఉక్కు సూది దానిని సులభముగా కోయును. కావున జెట్టు పూడినదని అనుమానమున్న యెడల పంపిణీదారుని మెకానిక్కును పిలిపింపవలెను. మీట బిగుసుకొన్నను ఇంటిలోని కొబ్బరినూనె, ఇంజను నూనె పోయరాదు. దానికి తగిన గ్రీజు మెకానిక్కు వద్ద ఉండును.

గొట్టము, రెగ్యులేటరు, సిలిండరు

పొయ్యి ఎంత శుభ్రముగా ఉన్నను గొట్టము పాడైన యెడల ప్రయోజనము లేదు. నాసిరకము గొట్టము కొనక, లోపల ఉక్కు తీగ అల్లిక గల సురక్షా గొట్టమునే ఐ.ఎస్.ఐ. గుర్తు చూచి తీసికొనవలెను. పొడవు ఒకటిన్నర మీటరుకు మించరాదు. ఐదేండ్లకొకసారి తప్పక మార్చవలెను. దానిపై ముద్రించిన తేదీ చూచుకొనవలెను. పగుళ్లు కనిపించినచో ఐదేండ్లు నిండువరకు ఆగరాదు.

రైతు ఇంటికి ప్రత్యేకమైన ముప్పు ఒకటి ఉన్నది. ధాన్యపు బస్తాలు నిలువయున్న ఇంటిలో ఎలుకలు తప్పవు. ఎలుక రబ్బరును కొరుకును. నెలకొకసారి గొట్టమును మొదటినుండి చివరివరకు వ్రేళ్లతో తడిమి పరీక్షింపవలెను. అందమునకై గొట్టముపై గుడ్డ గాని వేరొక గొట్టము గాని తొడుగరాదు. లోపలి పగులు కనిపింపక పోవును. పత్తి ఏరి ఇంటిలో పోసినవారు ఆ గదిని వంటింటికి దూరముగా ఎన్నుకొనవలెను. పెట్రోలు, డీజిలు డబ్బాలు, పురుగుమందులు వంటగదిలో ఎన్నడును ఉంచరాదు.

సిలిండరును ఎల్లప్పుడు నిలువుగానే ఉంచవలెను. పొయ్యి సిలిండరు కంటె ఎత్తైన గట్టుపై ఉండవలెను. క్రొత్త సిలిండరు వచ్చినపుడు దాని పై కడ్డీ లోపలివైపు వ్రాసిన అక్షరమును, అంకెలను చూడవలెను. ఎ, బి, సి, డి అను అక్షరములు సంవత్సరములోని నాలుగు త్రైమాసికములను తెలుపును. ‘బి’ అక్షరము ప్రక్కన 28 అని ఉన్నచో ఆ సిలిండరును 2028 జూను నాటికి తిరిగి పరీక్షింపవలెనని అర్థము. గడువు దాటినదానిని తీసికొనరాదు.

కారుచున్నదేమోనని పరీక్షించుటకు సబ్బునురుగు గాని కుంకుడు నురుగు గాని చాలును. రెగ్యులేటరు తెరచి, పొయ్యి మీటలు కట్టి ఉంచి, అతుకులన్నిటిపై నురుగు పూయవలెను. బుడగలు లేచిన చోట గ్యాసు కారుచున్నదని తెలియును. అగ్గిపుల్ల గీసి పరీక్షించుట ఆత్మహత్యతో సమానము.

వాసన వచ్చినపుడు

వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు. కారుటను గుర్తించుటకై దానిలో మెర్కాప్టను అను దుర్వాసన గల పదార్థమును కలుపుదురు. నీరు పల్లమెరుగునని మన సామెత. ఈ గ్యాసు కూడ గాలికంటె బరువైనది గనుక పల్లమునకే చేరును. గట్టు క్రింద, తూము వద్ద, గడప ప్రక్కన మడుగు కట్టును. గాలిలో నూటికి సుమారు 2 పాళ్లు చేరగానే ఒక చిన్న నిప్పురవ్వకే ప్రేలగలదు.

అట్టి సమయములో విద్యుత్తు స్విచ్చి వేయరాదు, తీయరాదు. ఫ్యాను వేసి గాలి తరుమవలెనను ఆలోచన కూడ తప్పే. పూజగదిలో దీపమున్న ఆర్పవలెను. రెగ్యులేటరు కట్టి, తలుపులు కిటికీలు తెరచి, పిల్లలను వృద్ధులను బయటకు పంపవలెను. సిలిండరు మూతి వద్దనే కారుచున్నచో రెగ్యులేటరు తీసి రక్షణ మూత బిగింపవలెను. ఈ మూతను పారవేయక సిలిండరుకే దారముతో కట్టి ఉంచుట ఇందుకే. ఫోను బయటకు వచ్చిన తరువాతనే వాడవలెను. గ్యాసు కారుటకు సంబంధించిన అత్యవసర సహాయ సంఖ్య 1906. మంటలు లేచినచో 101కు చెప్పవలెను.

గోబరు గ్యాసు వాడువారికి

పశువులు గల రైతులు కొందరు పేడ గ్యాసుతో వంట చేసికొనుచున్నారు. ఇందులో మీథేను నూటికి 55 నుండి 65 వంతుల వరకు ఉండును. మిగిలినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు. దీని వేడి, ఒత్తిడి తక్కువ గనుక పొయ్యి జెట్టు పెద్దదిగా ఉండవలెను. సిలిండరు గ్యాసు పొయ్యిని మార్పు చేయక దీనికి తగిలించినచో సరిగా మండదు. దీని పొయ్యికే దీనిని వాడవలెను.

ఈ గ్యాసుతో తడి ఆవిరి కూడ వచ్చి గొట్టములో నీరుగా మారును. మంట ఆగి ఆగి ఎగురుచున్నచో గొట్టములో నీరు నిలిచినదని తెలిసికొని, నీటి బుడ్డి వద్ద దానిని వదలివేయవలెను. ఇందలి గంధక వాయువు లోహమును తినును. కావున ఈ పొయ్యి బర్నరును, మీటను మరింత తరచుగా చూచుకొనవలెను.

గుర్తుంచుకొనవలసినవి

ప్రతి రాత్రి తుడుచుట, వారమునకొకసారి బర్నరులు కడుగుట, నెలకొకసారి గొట్టము, అతుకులు పరీక్షించుట, ఐదేండ్లకొకసారి గొట్టము మార్చి మెకానిక్కు చేత పొయ్యి అంతటిని తనిఖీ చేయించుట: ఇంతే పని. నెల పరీక్షకు తేదీ గుర్తుండకపోయిన, అమావాస్యను గుర్తుగా పెట్టుకొనవచ్చును. చాల ఊళ్లలో ఆ దినము అరక కట్టరు గనుక రైతుకు కొంత తీరిక ఉండును.

దసరా నాడు మనము నాగలిని, ట్రాక్టరును, పంపును కడిగి బొట్టు పెట్టి ఆయుధపూజ చేయుదుము. వాటి వలన పండిన గింజను అన్నముగా మార్చు పనిముట్టు వంటింటిలో ఉన్నది. రాబోవు దసరాకు దానికి కూడ ఒక బొట్టు పెట్టుడు. అంతకు ముందు మాత్రము బర్నరు విప్పి కడిగి, గొట్టముపై తేదీ చూడుడు.